అమ్మమ్మ మల్లాది పుస్తకం కావాలంది. ఏ మల్లాది?

బందరుకాలవ
ఆదివారం, ఉదయం 9:40

అందరికీ నమస్కారం. ముందు నా తెలివితక్కువతనం చెప్పుకుని, తర్వాత అసలు సంగతికి వస్తాను.

మా అమ్మమ్మకి 84 ఏళ్ళు. కంటి ఆపరేషన్ అయ్యాక చూపు బాగా వచ్చింది. "మల్లాది పుస్తకం ఒకటి తెప్పించరా, చదివి ఎన్నేళ్ళయిందో" అంది. అదెంత పని అనుకుని ఫోన్లో మల్లాది అని కొట్టి, మొదట కనపడినదానికి ఆర్డర్ పెట్టేశాను. మూడోరోజు పార్సిల్ వచ్చింది. ఆవిడ కళ్ళజోడు చీరచెంగుతో తుడుచుకుని, అట్ట అటూ ఇటూ తిప్పి చూసి, "ఈయన కాదురా. కృష్ణాతీరం ఆయన" అంది. నేను తెప్పించింది 'చంటబ్బాయ్'.

అప్పుడు కూర్చుని వెతికాను. ఒక మల్లాది డిటెక్టివ్ కథ రాశారు, ఇంకో మల్లాది తంజావూరు రాజుల మీద నవల రాశారు, మరో మల్లాది మహిళా సంఘాల చరిత్ర రాశారు. వీళ్ళంతా ఒకే కుటుంబమా? వరసపెట్టి చదవాలంటే ఎవరితో మొదలుపెట్టాలి?

పాతపుస్తకాలపెట్టె
ఆదివారం, ఉదయం 10:15

మీరొక్కరే కాదండీ, ఈ పొరపాటు చాలామంది చేశారు. నేనైతే తిరగేసి చేశాను. కాలేజీ రోజుల్లో 'మల్లాది' కొత్త నవల అనుకుని 'తేజోమూర్తులు' తెచ్చుకుని, నాలుగు పేజీలు చదివి, బుర్ర తిరిగి పక్కన పెట్టేశాను. మళ్ళీ ముట్టుకోవడానికి పదిహేనేళ్ళు పట్టింది.

మీ అమ్మమ్మగారు అడిగినాయన మల్లాది రామకృష్ణశాస్త్రి. పుట్టింది 1905లో, బందరు దగ్గర చిట్టిగూడూరు. పోయింది 1965లో, మద్రాసులో. కథలు, నవలలు, చలవమిరియాలు అని వ్యాసాలు, పైన సినిమా పాటలు. మీ పేరే బందరుకాలవ, ఆయన మీ పక్కూరాయనే!

మీరు తెప్పించినది మల్లాది వెంకట కృష్ణమూర్తిది. వారపత్రికల సీరియళ్ళు జోరుగా నడిచిన రోజుల్లో మా వయసువాళ్ళకి మల్లాది అంటే ఈయనే. 'యండమూరి, మల్లాది' అని జంటపదంలా అనేవాళ్ళం. ఫలానా కృష్ణమూర్తి అంటే మాలో ఎవరికీ తెలిసేది కాదు, ఇంటిపేరే ఆయన పేరైపోయింది. అదే మా నాన్నగారి ముందు మల్లాది అంటే చిరంజీవులు సినిమా పాటలు అందుకునేవారు.

ఒకే కుటుంబమా అంటే, ఇంటిపేరు కలిసినంత మాత్రాన ఇల్లు కలవదండీ. గుంటూరు వైపు అమరావతి మండలంలో మల్లాది అని ఊరు కూడా ఉంది.

ఆ_మల్లాది_కాదు
ఆదివారం, ఉదయం 10:50

నా ఇంటిపేరు మల్లాది. బ్యాంకులో పని. జీవితంలో నేను రాసినవి లోన్ ఫైళ్ళ మీద నోట్సు మాత్రమే.

1980ల్లో ఎక్కడికి వెళ్ళినా "మల్లాదిగారు మీకేమవుతారండీ?" అని అడిగేవారు. ఏమీ కారంటే నమ్మేవారు కాదు, ఏదో దాస్తున్నానన్నట్టు చూసేవారు. మీకు గుర్తుండే ఉంటుంది, వెంకట కృష్ణమూర్తిగారు తన ఫొటో ఎక్కడా వేయనివ్వరు. దాంతో మా ఆఫీసులో ఒకాయన నేనే ఆయననని, పేరు మార్చుకుని పనిచేస్తున్నానని ప్రచారం మొదలుపెట్టాడు. రెండు నెలలు నాకు క్యాంటీన్లో టీ ఫ్రీ. నేనూ గట్టిగా కాదనలేదు.

ఇంకో తరహా కూడా ఉన్నారు. కచేరీలకి వెళ్ళేవాళ్ళు "మల్లాది సోదరులు మీవాళ్ళేనా?" అంటారు. మా అత్తగారైతే భద్రాచలం కళ్యాణం వ్యాఖ్యానం రేడియోలో విని పెరిగిన మనిషి. సంబంధం కుదిరినప్పుడు మల్లాది చంద్రశేఖరశాస్త్రిగారి వంశమేనని ఊరంతా చెప్పింది. మాకు ఆయనతోనూ చుట్టరికం లేదు.

డల్లాస్_బాబాయ్
ఆదివారం, ఉదయం 11:30

@ఆ_మల్లాది_కాదు, పొద్దున్నే భలే నవ్వించారు.

చంటబ్బాయ్ అనగానే నాకు మా ఊళ్ళో అద్దె లైబ్రరీ గుర్తొచ్చింది. మంగలిషాపు పక్కన సందు, చెక్క రాక్‌లు, ప్రతి పుస్తకానికీ గోధుమరంగు అట్ట, దాని మీద స్కెచ్ పెన్నుతో నంబరు. రాత్రికి తీసుకెళ్ళి పొద్దున్నే ఇచ్చేయాలి, లేకపోతే రెండోరోజు అద్దె పడేది. ఒకసారి మంచి సస్పెన్స్ నవల దొరికిందని పరిగెత్తుకుంటూ ఇంటికొచ్చి తెరిచాను. మొదటి పేజీలోనే ఎవడో పుణ్యాత్ముడు పెన్నుతో 'హంతకుడు లాయరు' అని రాసి పెట్టాడు. ఇప్పటికీ వాడి మీద కోపం పోలేదు.

వెంకట కృష్ణమూర్తిగారి నవలలు తక్కువ చేసి మాట్లాడేవాళ్ళని చూస్తే నాకు చిరాకు. జంధ్యాల 1986 ఒక్క ఏడాదిలో ఆయన నవలలు రెండు సినిమాలు తీశారు, 'చంటబ్బాయ్', 'రెండు రెళ్ళు ఆరు'. నవ్వించాలంటే సద్దాం ఆంటీ ఇంటి కథ, ఒళ్ళు గగుర్పొడవాలంటే నత్తలొస్తున్నాయి జాగ్రత్త. తర్వాత యాత్రల పుస్తకాలు కూడా రాశారు. తెలుగు చదవడం అలవాటైందే ఇలాంటి పుస్తకాలతో. మా తరంలో సగం మంది కృష్ణాతీరం దాకా రాగలిగారంటే ఈ మెట్టు ఎక్కే వచ్చారు.

ముక్కుసూటి
ఆదివారం, మధ్యాహ్నం 12:10

ఒక మాటంటే కోపం తెచ్చుకోకండి. ఇంటిపేరు పట్టుకుని పుస్తకాలు చదవడం అట్ట రంగు చూసి సర్దుకోవడం లాంటిదే. వీళ్ళ రాతల్లో ఒకరికొకరికి పోలికే లేదు. రామకృష్ణశాస్త్రిని చదివేవాడు శ్రీపాద దగ్గరికి వెళ్ళాలి, విశ్వనాథ దగ్గరికి వెళ్ళాలి గానీ చంటబ్బాయ్ దగ్గరికెందుకు వెళ్తాడు? పైగా ఇంటిపేరంటే సగం కులం వాసన. అది చూసి చదివే అలవాటు మనకి కొత్తగా నేర్పక్కర్లేదు.

రేపల్లె_ప్యాసింజర్
ఆదివారం, మధ్యాహ్నం 1:05

@ముక్కుసూటి గారూ, మీ చివరి మాటతో నాకు పేచీ లేదు. కానీ ఆ మాటకి జవాబు ఈ వరసలోనే ఉంది. మల్లాది సుబ్బమ్మ.

ఆవిడ పుట్టింది 1924లో, మా రేపల్లె తాలూకా పోతర్లంకలో. మల్లాది ఆవిడ పుట్టింటి పేరు కాదు, పెళ్ళితో వచ్చింది. భర్త ఎం.వి. రామమూర్తిగారు హేతువాది, రాడికల్ హ్యూమనిస్టు. ఆయన ప్రోత్సాహంతో పెళ్ళయి పిల్లలు పుట్టాక ప్రైవేటుగా పరీక్షలు కట్టి డిగ్రీ దాకా చదివారు. తర్వాత మహిళాభ్యుదయం సంస్థ పెట్టారు, సారా వ్యతిరేక పోరాటంలో తిరిగారు, పురోహితుడూ ముహూర్తమూ లేని దండల పెళ్ళిళ్ళు దగ్గరుండి చేయించారు. 2014లో పోయారు.

నేను ఆవిడ పుస్తకం మొదట చూసింది మా పెద్దమ్మ బీరువాలో, పట్టుచీరల కింద. పేరు 'పాతివ్రత్యం నుంచి ఫెమినిజం దాకా'. ఆవిడ ఆత్మకథ. అప్పుడు నాకు పదహారేళ్ళు. పెద్దమ్మ దాన్ని దాచిందో భద్రంగా పెట్టుకుందో నాకు అప్పుడు తెలియలేదు. "చదువు, కానీ మీ పెదనాన్న వచ్చేలోపల పెట్టేసెయ్" అంది. అంతే, తెలిసిపోయింది.

ఇంకోటి, మహిళా ఉద్యమం, మహిళా సంఘాల మీద ఆవిడ రాసిన చరిత్ర. చదవడానికి నవలలా ఉండదు. తేదీలు, సభలు, తీర్మానాలు. విసుగొస్తుంది కూడా. కానీ వీరేశలం గారి తర్వాత ఆడవాళ్ళు సొంతంగా పెట్టుకున్న సంఘాల గురించి ఒకచోట చూద్దామంటే తెలుగులో దొరికేవి తక్కువ. నేను దాన్ని నాలుగు నెలలు, రోజుకి రెండు పేజీల చొప్పున చదివాను. వంశాంకురం లాంటి నవలలూ రాశారు గానీ, నా మటుకు ఆవిడ బలం నవలలో లేదు, వాదనలో ఉంది.

ఇంటిపేరు అంటారు గదా, ఆడవాళ్ళకి అది ఏ ఇంటి పేరు? ఈ వరసలో ఆ ప్రశ్న తన జీవితంతో అడిగిన మనిషి కూడా ఉంది, అందుకే నాకు ఈ వరస నచ్చింది.

ముక్కుసూటి
ఆదివారం, మధ్యాహ్నం 1:20

ఒప్పుకున్నాను. సుబ్బమ్మగారి సంగతి నాకు తట్టలేదు. కానీ మిగతాది ఇంకా ఒప్పుకోలేదు.

ఓరుగల్లు_చెరువుకట్ట
ఆదివారం, మధ్యాహ్నం 3:45

మరి మల్లాది వసుంధరని మర్చిపోతే ఎట్లా? చారిత్రక నవల అంటే అందరూ నోరి, విశ్వనాథ, బాపిరాజు అంటరు. అక్కడికే ఆగిపోతరు. వసుంధరగారి సప్తపర్ణి, రామప్పగుడి, తంజావూరు పతనం ఎవరి నోటా రావు.

మాది ములుగు రోడ్డు. పాలంపేట రామప్పకి చిన్నప్పుడు స్కూలు పిక్నిక్ అంటే అదే. చెరువుకట్ట మీద పులిహోర పొట్లాలు విప్పుకుని తినేది. గుడి కట్టించింది గణపతిదేవుని సేనాని రేచర్ల రుద్రుడు, శాసనం 1213 నాటిది. 2021ల యునెస్కో గుర్తింపు వచ్చినంక కార్లు పెరిగినయి. ఇదంతా బోర్డు మీద కూడా ఉంటది. గానీ ఒక్క విషయం చూడుండ్రి. కట్టించిన రుద్రుని పేరు, ఆయన వంశం శాసనంల చెక్కించుకున్నరు. జనం మటుకు గుడిని రామప్ప అన్నరు, శిల్పి పేరు అని చెప్పుకున్నరు. రాతిమీది పేరు పక్కకి పోయింది, నోటిమీది పేరు నిలిచింది. నవల రాసేటోళ్ళకి ఇంతకన్న ఏం కావాలె?

నేను ఆ నవలని గుడి ముందటి గడ్డి మీద కూసొని చదివిన, రెండు ఆదివారాలు. భాష పాతది, గ్రాంథికం వాసన ఉంటది, మొదటి ముప్పై పేజీలు ఓపిక పట్టాలె. చదువుకుంట మధ్యల లేచి పోయి మదనికల బొమ్మలు చూసొచ్చేది. నల్లరాయి, చెయ్యి పెడితే ఎండల కూడా సల్లగుంటది. ఇటుకలు నీళ్ళల తేలుతయి అంటరుగదా, గోపురం ఇటుకలు, అవి నిజంగనే అంత తేలిక.

తంజావూరుదాకా
ఆదివారం, రాత్రి 8:30

చెన్నై నుంచి రాస్తున్నాను. మా తాతలనాటి నుంచి ఇక్కడే. తెలుగు ఇంట్లో మాట్లాడతాం, బడిలో నేర్చుకోలేదు, కాబట్టి తప్పులుంటే క్షమించండి. ముక్కుసూటిగారు 'పోలికే లేదు' అన్నారు కదా. ఆ ఒక్క మాటకోసం లాగిన్ అయ్యాను.

వసుంధరగారి తంజావూరు పతనం వెనకున్న చరిత్ర విజయరాఘవనాయకుడిది. తంజావూరు ఏలిన తెలుగు నాయకరాజుల్లో ఆఖరివాడు. మధుర చొక్కనాథనాయకుడు పిల్లనిమ్మని అడిగాడు, ఈయన ఇవ్వనన్నాడు. 1673లో యుద్ధం. విజయరాఘవుడు అప్పటికే ముసలివాడు. కోట నిలవదని తెలిశాక అంతఃపురం ఆడవాళ్ళు ఉన్న చోటుని మందుగుండుతో పేల్చేసే ఏర్పాటు చేసి, కొడుకు మన్నారుదాసుతో కలిసి కత్తి పట్టుకుని బయటికి వచ్చి పోరాడి చచ్చిపోయాడని చెబుతారు. ఒక పసిపిల్లవాణ్ణి మాత్రం దాది నాగపట్నం చేర్చింది. ఆ పిల్లవాడి పేరు చెప్పి బిజాపూరు సాయం అడిగితే, వాళ్ళు పంపిన ఏకోజీ కొన్నాళ్ళకి తనే గద్దె ఎక్కాడు. అలా తంజావూరు మరాఠాల చేతికి పోయింది.

ఇదే విజయరాఘవుడి కొలువులో పసుపులేటి రంగాజమ్మ మన్నారుదాస విలాసం రాసింది. ఇదే కొలువుకి మన మువ్వ నుంచి క్షేత్రయ్య వచ్చాడు. 'వేడుకతో నడచుకొన్న' పదంలో ఆయనే లెక్క చెప్పుకున్నాడు: మధుర తిరుమలనాయకుడి దగ్గర 2000 పదాలు, విజయరాఘవుడి దగ్గర 1000, గోల్కొండ పాదుషా దగ్గర 1500.

ఇప్పుడు రామకృష్ణశాస్త్రిగారి పుస్తకాల జాబితా చూడండి. 'క్షేత్రయ్య' ఉంది. చిట్టిగూడూరాయన, మువ్వాయన, ఇద్దరిదీ బందరు చుట్టుపక్కలే. ఒక మల్లాది ఆ కొలువులో పదం పాడినవాడి వైపు నుంచి వెళ్ళారు, ఇంకో మల్లాది ఆ కొలువు కూలడం వైపు నుంచి వెళ్ళారు. ఇద్దరూ ఒకే గుమ్మం ముందు నిలబడ్డారు. ఇది పోలిక కాకపోతే మరేమిటండీ?

నేను ఈ రెంటినీ ఒకదాని వెంట ఒకటి చదివాను. తర్వాత బస్సెక్కి తంజావూరు వెళ్ళాను. రాజభవనం, సరస్వతీ మహల్ చూడ్డానికి వచ్చినవాళ్ళలో తెలుగువాళ్ళు చాలామంది ఉన్నారు. అందరూ పెద్దగుడి చూసి, ఎండకి చెరుకురసం తాగి, బొమ్మ కొనుక్కుని వెళ్ళిపోతున్నారు. తల ఆడించే బొమ్మ నేనూ కొన్నాను లెండి.

ముక్కుసూటి
ఆదివారం, రాత్రి 8:55

సరే. ఇంటిపేరు వల్ల కాదు, కాకతాళీయం. కానీ మంచి కాకతాళీయం. రెండూ తెప్పించుకుంటాను.

పాతపుస్తకాలపెట్టె
ఆదివారం, రాత్రి 9:20

@తంజావూరుదాకా గారూ, బడిలో నేర్చుకోలేదంటూనే ఇలా రాశారు, బడిలో నేర్చుకున్నవాళ్ళం మేం ఏమవ్వాలి!

రామకృష్ణశాస్త్రిగారిని ఎలా చదవాలో చెబుతాను, నా పదిహేనేళ్ళు మీకు వృథా కాకూడదు. మనసులో చదవకండి. పైకి చదవండి. ఆయన వాక్యం కంటికి చిక్కుముడిలా ఉంటుంది, నోటికి ఇస్తే దారంలా జారుతుంది. మాట్లాడే మనిషి ఎక్కడ ఊపిరి తీసుకుంటాడో అక్కడే వాక్యం తెగుతుంది. కృష్ణాతీరంలో భోజనాల పుట ఉంది చూడండి, మెంతికారం పెట్టిన వంకాయకూర, పచ్చళ్ళు, పులుసులు... అది ఆకలిమీద చదవకండి. నేను రాత్రి పదకొండింటికి చదివి, లేచి వెళ్ళి గోంగూర పచ్చడి, చద్దన్నం తిన్నాను.

పాటల సంగతి ఇంకా తమాషా. తెరమీద ఆయన పేరు పడింది 1952లో చిన్నకోడలు నుంచి. అంతకుముందు వేరేవాళ్ళ పేరుతో వచ్చిన పాటల్లో ఆయన కలం ఉందని సినిమావాళ్ళు బాహాటంగానే చెప్పుకునేవారు. చిరంజీవులుకి కథా మాటా పాటా ఆయనవే. జయభేరిలో 'రసికరాజ తగువారము కామా' ఆయనదే. మద్రాసు పానగల్ పార్కులో సాయంత్రం పూట బల్లమీద కూర్చునేవారు, చుట్టూ జనం చేరేవారు. ఇంటిపేరు గురించి మాట్లాడుకుంటున్నాం, ఈయన తన పేరు కూడా పట్టించుకోలేదు.

ఆ_మల్లాది_కాదు
ఆదివారం, రాత్రి 9:40

నాటకాలవాళ్ళని వదిలేస్తే మా వాళ్ళు (నా వాళ్ళు కాదు, మా ఇంటిపేరు వాళ్ళు) ఊరుకోరు. 1936లో వచ్చిన ద్రౌపదీ వస్త్రాపహరణం సినిమాకి రాసింది మల్లాది అచ్యుతరామశాస్త్రి. కిర్రుగానుగ, దొంగాటకం రాసి నవ్వించినాయన మల్లాది విశ్వనాథ కవిరాజు. ఈ రెండూ మా తాత మెప్పు కోసం చెప్పాను.

డల్లాస్_బాబాయ్
సోమవారం, తెల్లవారుజాము 4:10

ఇలాంటి ఇంటిపేర్లు ఇంకా ఉన్నాయి కదా. శ్రీపాద అంటే సుబ్రహ్మణ్యశాస్త్రిగారి కథలు ఒక వైపు, కృష్ణమూర్తిశాస్త్రిగారి భారత భాగవత రామాయణాలు ఇంకో వైపు. దేవులపల్లి అంటే కృష్ణశాస్త్రి కవిత్వం తీసిన చేత్తోనే దేవులపల్లి వెంకటేశ్వరరావు సాయుధ పోరాట చరిత్ర తీయొచ్చు. పాలగుమ్మి పద్మరాజు గాలివాన, పాలగుమ్మి సాయినాథ్ కరువు కథనాలు. ఒకరు గాలి, ఒకరు ఎండ.

నిర్వాహకులు
సోమవారం, ఉదయం 7:00

బాగుంది గానీ ఇది మల్లాది చర్చగానే ఉంచుదాం. మిగతా ఇంటిపేర్లకి వేరే చర్చ తెరవండి. పీడీఎఫ్ లింకులు అడుగుతూ వచ్చిన మూడు వ్యాఖ్యలు తీసేశాను, ఇక్కడ అవి పెట్టకండి.

బందరుకాలవ
బుధవారం, సాయంత్రం 6:25

ఇన్ని జవాబులొస్తాయనుకోలేదు. అందరికీ థాంక్స్. ఇక్కడి పరిస్థితి చెబుతాను.

కృష్ణాతీరం నిన్న వచ్చింది. ఈసారి పూర్తి పేరు కొట్టి తెప్పించాను. పెట్టెగారు చెప్పినట్టు పైకి చదువుదామని అమ్మమ్మ పక్కన కూర్చున్నాను. రెండు లైన్లు చదివానో లేదో, "అలా కాదు, ఇటివ్వు" అని లాక్కుంది. ఆవిడ చదువుతుంటే నాకు అర్థమైంది. నేను చదివినప్పుడు కాలేదు. భోజనాల పుట దగ్గర ఆపి, మా అమ్మని పిలిచి, వంకాయ మెంతికారం ఎప్పుడు చేస్తావని అడిగింది.

చంటబ్బాయ్ తిరిగి పంపేద్దామని కవరులో పెట్టాను. ఆదివారం రాత్రి చూస్తే కవరు ఖాళీ. ఆవిడ దిండు కింద ఉంది, 112వ పేజీలో బస్సు టికెట్ గుర్తు. ఇందులో మనవడికి చెప్పాల్సిందేమీ లేదన్నట్టు చూసింది.

@ఓరుగల్లు_చెరువుకట్ట గారూ, రామప్పగుడి మా ఊళ్ళో ఎక్కడా దొరకలేదు. మీ దగ్గరున్న కాపీ నెలరోజులు ఇస్తారా? కొరియర్ ఖర్చు నాది, అట్ట వేసి మరీ తిరిగి పంపుతాను.

ఓరుగల్లు_చెరువుకట్ట
బుధవారం, రాత్రి 9:10

పంపుత. మెసేజ్‌ల అడ్రస్ పెట్టుండ్రి. నా కాపీల మధ్యల రెండు గడ్డిపోచలు ఉంటయి, అవి పారెయ్యకుండ్రి.